అరవై దాటాక దొరికిన స్నేహం: దోసెల బండి పక్కన ఒక పలక

కావలి పంతులమ్మ (ఆదివారం ఉదయం)

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికను రెండేళ్లుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, 62వ ఏట ఉద్యోగ విరమణ చేసి, ఇప్పుడు కావలిలో మా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా వారు పోయి నాలుగేళ్లయింది, అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు. పొద్దున లేస్తే బడిగంట వినపడదన్న సంగతి ఒంటికి అలవాటు కావడానికే ఆరు నెలలు పట్టింది. ఆ రోజుల్లో రాత్రి దీపం ఆర్పబోతూ, ఈ రోజు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదు కదా అని గుర్తొచ్చి మనసు కలుక్కుమనేది.

మా వీధి మలుపులో ఒక అక్క దోసెల బండి నడుపుతారు. నాకంటే మూడేళ్లు పెద్ద. పెనం మీద పిండి తిప్పి, అంచు లేవగానే ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు కలిపి నూరిన కారం గరిటె వెనకతో పూసి, పైన పప్పుల పొడి చల్లి మడత వేస్తారు. మొదట్లో నేను పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఒక రోజు జ్వరంతో వెళ్లకపోతే, పదిన్నరకు బండి కట్టేసి మా తలుపు తట్టారు. "టీచరమ్మా, రెండు దోసెలు మిగిలిపోయినాయి, ఎవరికోసం పోసినాననుకున్నావు?" అని అడిగారు. నేను రాకపోతే ఒకరికి తెలుస్తుందన్న మాట ఆ రోజు నాకు ఇచ్చిన బలం ఏ మందూ ఇవ్వలేదు. అప్పటినుంచి బండి పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని తింటున్నాను.

అసలు విషయానికి వస్తాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చిన తర్వాత, కలిగిరి దాటి ఉన్న తన చెల్లెలి ఊరికి వెళ్లాలని అక్కకు ఆశ పుట్టింది. అంతకుముందు ఏడాదికి ఒకసారి కొడుకు తీసుకెళ్తే వెళ్లడమే. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి బస్టాండుకు వెళ్లి, ఎవరినో అడిగి, కలిగిరి బస్సు అనుకుని కొండాపురం బస్సు ఎక్కారు. రాత్రి తొమ్మిదింటికి తిరిగి ఇల్లు చేరారు. మరునాడు పెనం ముందు కూర్చుని, "ఇంకెప్పుడూ ఒక్కదాన్నే పోను" అన్నారు. ఆ మాట వినలేక, నేను నేర్పుతానని చెప్పాను.

ఇది నాలుగో వారం. బండి కట్టేశాక పలక పట్టుకుని కూర్చుంటాము. అంకెలు బాగా వచ్చు, డబ్బు లెక్కలో నన్ను మించిపోతారు. అరువు లెక్కలన్నీ గోడ మీద బొగ్గు గీతలే. ఎవరి గీతలు ఎవరివో తెలియడానికి పక్కన ఒక్కొక్క గుర్తు వేసుకున్నారు: ఆటో నడిపే అబ్బాయికి మూడు చక్రాలు, బట్టలు కుట్టే అమ్మాయికి సూది, నాకు రెండు సున్నాలూ మధ్యలో ఒక గీతా, అంటే కళ్లద్దాలు. ఇంత తెలివిగల మనిషి పుస్తకంలో అక్షరాల దగ్గర మాత్రం తడబడుతున్నారు. కావలిలోని "వ"ను ఒక రోజు "ప" అంటారు, ఒక రోజు "మ" అంటారు. నిన్న పలక పక్కన పెట్టేసి, "నా తలకెక్కదులే, నీ పొద్దు పాడు చేసుకోవద్దు" అన్నారు. పిల్లలకు చెప్పిన అనుభవమే తప్ప పెద్దవాళ్లకు చెప్పిన అనుభవం నాకు లేదు. తెలిసినవారు దయచేసి దారి చూపండి.

ఒంగోలు పాత కాపు (ఆదివారం)

అమ్మా, నేర్పడం గురించి నాకు తెలియదు కానీ, "నేను రాకపోతే ఒకరికి తెలుస్తుంది" అన్నది మాత్రం నాకు బాగా తెలుసు. పొగాకు వేసినన్నాళ్లూ, బేళ్లు తీసుకుని వేలానికి పోయినప్పుడల్లా ఒకే చెట్టు కింద కూర్చునే రైతులం నలుగురం ఉండేవాళ్లం. పొలం కౌలుకిచ్చి మానుకున్నాక, ధరల కంటే ఎక్కువగా ఆ చెట్టు కింద మాటలే గుర్తొచ్చేవి. ఇప్పుడు ఆ నలుగురిలో మిగిలిన ఇద్దరం ప్రతి శనివారం కొత్తపట్నం సముద్రం ఒడ్డుకు వెళ్లి కూర్చుంటాము. పెద్దగా మాట్లాడుకునేది ఏమీ ఉండదు. మీరు ఆ పలకను మానకండి.

మార్కాపురం మాస్టారు (ఆదివారం రాత్రి)

పంతులమ్మ గారికి నమస్కారం. మీరు పలక అనగానే ప్రాణం లేచి వచ్చింది. మా ఊరి నేలలో దొరికే రాతి పొరలను చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి పంపిన పలకల మీదే ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ వచ్చాక ఆ పని తగ్గిపోయి, అదే రాయి ఇప్పుడు గోడలకూ నేలకూ అలంకరణగా పోతోంది. అది వేరే కథ.

నేను కొంతకాలం వయోజనులకు చెప్పాను. పెద్దవాళ్లకు "అ" నుంచి "ఱ" వరకు వరుసగా చెప్పడం మొదలుపెడితే మూడో రోజుకే విసుగు వస్తుంది, ఎందుకంటే వాళ్లకు మాటలు ముందే వచ్చు, అక్షరమే రాదు. అందుకని వాళ్ల నోట నలిగే మాటనే ముందు రాసి, దాన్ని విడగొట్టి, ఆ ముక్కలతో ఇంకో మాట కట్టాలి. మీ అక్కగారికి దోసె, పెనం, కారం, పిండి చాలు. కారంలో "కా" వచ్చిందంటే కావలి సగం వచ్చినట్టే. ఆ తర్వాత బస్సు బోర్డులకు వెళ్లండి. మీ దగ్గరి ఊళ్లు చూడండి: కావలి, కలిగిరి, కొండాపురం, కందుకూరు, అన్నీ "క" గుణింతమే. మొదటి అక్షరం చూసి ఊరిని గుర్తుపట్టేవారికి అందుకే పొరపాటు జరుగుతుంది. రెండో అక్షరం మీద వేలు పెట్టడం అలవాటు చేయించండి.

ఉదయగిరి కొండగాలి (సోమవారం)

నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి, మన్నించాలి. ఇలాంటి చర్చలను ఇక్కడ "చిన్న చిన్న సంతోషాలు" అనే విభాగంలో పెడుతున్నారు. తన చెల్లెలిని చూడడానికి బస్సు బోర్డు చదువుకుని వెళ్లగలగడం చిన్న సంతోషం ఎలా అవుతుంది? మెట్ట ప్రాంతంలో పుట్టినవాడిగా చెబుతున్నాను, మా అమ్మ జీవితమంతా ఎవరో ఒకరిని అడిగే బస్సు ఎక్కింది. అడిగిన ప్రతిసారీ కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి అడిగేది. దానిని చిన్నది అనడం చదువుకున్నవాళ్ల అలవాటు.

రెండోది, ఆ పెద్దమ్మ గురించి ఇక్కడ రాస్తున్నట్టు ఆమెకు తెలుసా? పొరపాటు బస్సు ఎక్కిన సంగతి ఆమె మీతో చెప్పుకున్నారు, మాతో కాదు.

సింహపురి కంటిచూపు (సోమవారం)

పంతులమ్మ గారూ, నేను కంటి పరీక్షల విభాగంలో పనిచేస్తాను. మీరు రాసినదాంట్లో ఒక సంగతి నాకు తట్టింది. "వ"లో తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, "ప"లో విడిగా ఉంటుంది. ఆ సన్నని సందు కనపడకపోతే రెండూ ఒక్కటే. "ర"కూ "ఠ"కూ మధ్య తేడా ఒక చుక్క. "ద"కూ "ధ"కూ తేడా కింద చిన్న గీత. మీ అక్కగారు తడబడేది ఈ జంటల దగ్గరేనా? పలక మీద పెద్దగా రాస్తే చదివి, పుస్తకంలో చదవలేకపోతున్నారా? పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుంటున్నారా? సూదిలో దారం ఎవరిచేతనైనా ఎక్కిస్తున్నారా?

అవుననేది మీ జవాబైతే అది చత్వారం కావచ్చు. నలభై దాటినప్పటినుంచి కంటిలోని కటకం మెత్తదనం తగ్గి, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. దూరపు చూపు బాగానే ఉంటుంది కాబట్టి తమ కంటిలో లోపం ఉందని వారికే తెలియదు. పైగా చదువురాని మనిషికి దగ్గరి చూపుతో పడే పని తక్కువ కనుక, ఇరవై ఏళ్లయినా ఎవరూ గమనించరు. దయచేసి అంగడిలో దొరికే అద్దాలు కొని పెట్టకండి. ఆ వయసులో శుక్లాలు, కంటి పీడనం, చక్కెర వ్యాధి వల్ల వచ్చే మార్పులు కూడా ఉండవచ్చు. ముందు ప్రభుత్వాసుపత్రిలో చూపించండి.

కావలి పంతులమ్మ (సోమవారం రాత్రి)

అందరికీ కృతజ్ఞతలు. సింహపురి గారూ, మీరు అడిగిన నాలుగింటికీ నా జవాబు అవుననే. పలకను దూరంగా పట్టుకుంటే సరిగ్గా కూర్చోలేదనుకుని, నేనే రెండుసార్లు దగ్గరకు జరిపాను. సూదిలో దారం బట్టలు కుట్టే అమ్మాయి ఎక్కించి ఇస్తుంది. ఇన్నేళ్లు పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి, బోర్డు కనపడుతోందా అని అడిగినదాన్ని, ఈ ఒక్క మనిషిని అడగలేదు. ఈ గురువారం ఆసుపత్రికి వెళ్తున్నాము.

ఉదయగిరి గారూ, మీ మొదటి మాట సరైనది. అది చిన్నది కాదు, నేనే ఆలోచించకుండా ఆ విభాగంలో పెట్టాను. రెండోదానికి జవాబు: రాసే ముందు అడిగాను, పేరు పెట్టవద్దన్నారు, పెట్టలేదు. కానీ కొండాపురం సంగతి రాస్తున్నానని ప్రత్యేకంగా చెప్పలేదు. మీ అభ్యంతరం చూశాక ఈ రోజు మొత్తం చదివి వినిపించాను. ఆ భాగం రాగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉండనీలే. నాలాగ బస్సు తప్పెక్కినవాళ్లు ఎవరన్నా ఉంటే, వాళ్లకు అవమానం అనిపించదు" అన్నారు. మీ అమ్మగారు గొంతు తగ్గించి అడిగేవారన్న మాట రెండుసార్లు చదివించుకున్నారు.

పినాకిని ప్రయాణికురాలు (మంగళవారం)

నేను చెన్నైలో ఉద్యోగం చేస్తూ, వీలైనప్పుడల్లా పినాకిని రైల్లో ఒంగోలు వచ్చి, అక్కడినుంచి మా ఊరు వెళ్తుంటాను. నిన్న ఈ చర్చ చదివి, మా అమ్మకు నేను కొనిచ్చిన ఫోను గుర్తొచ్చింది. అందులో పేర్ల బదులు అన్నీ బొమ్మలే పెట్టాను: నాకు రైలు, తమ్ముడికి క్రికెట్ బ్యాటు, కూరగాయల ఆమెకు వంకాయ. అమ్మకు సౌకర్యంగా ఉందని సంతోషించాను కానీ, ఆ బొమ్మల కింద పేర్లు చదవాలని ఆమెకు ఉందేమోనని ఏనాడూ అడగలేదు. రాత్రి ఫోన్‌లో అడిగాను. "నీకెక్కడ తీరిక తల్లీ" అంది. అంటే కోరిక ఉన్నట్టే కదా. వచ్చే శనివారం పలక కొనుక్కుని వెళ్తున్నాను. మార్కాపురం మాస్టారూ, వంకాయ నుంచి మొదలుపెట్టవచ్చునా? అందులో సున్న ఉంది కదా, కష్టమవుతుందా?

మార్కాపురం మాస్టారు (మంగళవారం)

వంకాయతో నిక్షేపంగా మొదలుపెట్టు తల్లీ. సున్న పెద్దలకు ఎప్పుడూ కష్టం కాదు, అంకెల్లో ముందే తెలుసు. వత్తులే కాస్త ఆగి చెప్పాలి. "అమ్మ" ఎంత దగ్గరి మాటైనా అందులో వత్తు ఉంది కాబట్టి రెండో వారానికి ఉంచు.

కలిగిరి చెరువుగట్టు (బుధవారం)

కలిగిరి పేరు ఇన్నిసార్లు వచ్చాక ఊరుకోలేకపోతున్నాను. మా మండలంలోదే దూబగుంట. 1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు, పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుతురులో పలకలు పట్టుకుని కూర్చునేవారు. వాచకంలోని పాఠాలు వాళ్ల బతుకుల గురించే ఉండేవి. సారా వల్ల ఇల్లు గుల్లవుతున్న సంగతి పాఠంగా చదివి, మన ఊళ్లోనూ ఇదే కదా జరుగుతోంది అనుకుని, కొట్టు మూయించడానికి లేచారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి రావడానికి ఆ రాత్రిబడులే మొదటి మెట్టు.

నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతూ మా వీధిలో ఆ బడి నడిపినవారిలో ఒకడిని. జీతం లేదు, పలకలు మాత్రం ఇచ్చేవారు. ఉద్యమం గురించి అందరూ రాశారు. కానీ ఆ తర్వాత ఎందరికి అక్షరం నిలిచిందో, పనుల కోసం ఊళ్లు వదిలి వెళ్లినవాళ్ల పలకలు ఏమయ్యాయో అనేది నన్ను ఇప్పటికీ వదలని ఆలోచన. పంతులమ్మ గారూ, మీ అక్కగారు మా వైపు మనిషి కదా, ఆ రాత్రిబడికి వెళ్లారేమో ఒకసారి అడుగుతారా?

కావలి పంతులమ్మ (శుక్రవారం)

కలిగిరి అన్నగారూ, అడిగాను. వెళ్లారట. అప్పటికి ముప్పై ఒకటో ఏడు, ఇద్దరు పిల్లలు. మూడు నెలలు వెళ్లి, పేరు రాయడం వచ్చాక, భర్తతో కలిసి ఇంటి కట్టుబడి పనులకు కావలి వచ్చేశారు. ఊళ్లో సారా కొట్టు ముందు ఆడవాళ్లతో కలిసి తెల్లవార్లూ కూర్చున్న రాత్రి గురించి ఈ రోజు మొదటిసారి నాకు చెప్పారు. దాదాపు ఏడాదిగా రోజూ ఆమె చేతి దోసె తింటున్నాను, ఈ సంగతి నాకు తెలియదు. "నువ్వు అడగలేదు కదా టీచరమ్మా" అన్నారు. ఇచ్చిన పలక ఏమైందంటే, కావలి వచ్చిన కొత్తలో కుండ మీద మూతగా వాడుకున్నారట, పగిలేదాకా.

నిన్న ఆసుపత్రిలో పరీక్ష చేశారు. శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, తొందరేమీ లేదన్నారు. చక్కెర లేదు. దగ్గరి చూపు మాత్రం బాగా తగ్గింది, ప్లస్ రెండున్నర అద్దాలు రాశారు. ఈ సాయంత్రం అద్దాలు చేతికి వచ్చాయి. అవి పెట్టుకుని ఆమె మొదట చూసింది పుస్తకం కాదు. తన అరచేయి తిప్పి తిప్పి చూసుకున్నారు. ఏళ్లుగా పెనం అంచు తగిలి పడిన కాలిన మచ్చలన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. తర్వాత బియ్యం చేటలోకి తీసి, "ఇన్ని రాళ్లు తింటున్నామా మనం?" అని ఏరడం మొదలుపెట్టారు. ఆ తర్వాతే వాచకం తీశారు. "వ", "ప" పక్కపక్కన చూపించాను. వేలిగోరు ఆ సన్నని సందులో పెట్టి, "ఇక్కడ దారి ఉంది, దీనికి లేదు" అన్నారు. ఇన్నేళ్లలో ఆ రెండు అక్షరాల తేడాను ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

నా సంగతి కూడా రెండు మాటలు చెప్పాలి. నేర్పేది నేనొక్కదాన్నే అనుకోకండి. చేప మొప్ప ఎత్తి ఎరుపు చూసి కొనడం, పులుసులో మామిడికాయ ముక్క ఎప్పుడు వేయాలో వాసన బట్టి తెలుసుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మా వారు ఉన్నన్నాళ్లూ సంతకు ఆయనే వెళ్లేవారు కనుక నాకు ఆ పని రాదు, రాదని ఎవరికీ చెప్పుకోలేదు. మా అబ్బాయి ఫోన్ చేస్తే ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర కబుర్లు ఉంటున్నాయి. ముందు "ఊఁ, బాగున్నాను" అని పెట్టేసేదాన్ని.

ఉదయగిరి కొండగాలి (శుక్రవారం రాత్రి)

"ఇక్కడ దారి ఉంది, దీనికి లేదు" అన్న మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అమ్మ లేదు. ఉన్నప్పుడు నేను అద్దాలు కొనివ్వగలిగిన స్థితిలోనే ఉన్నాను. అమ్మకు చదువు రాదనుకున్నాను తప్ప, కళ్లు కనపడవేమో అన్న ఆలోచన రాలేదు. పెద్దమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ఒంగోలు పాత కాపు (శనివారం)

బాబూ, మా ఇంట్లోనూ అంతే జరిగింది. నువ్వొక్కడివే కాదు. ఏదైనా శనివారం కొత్తపట్నం రా, ఒడ్డున ఇంకొకరికి చోటు ఉంది.

కావలి పంతులమ్మ (మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి మన్నించాలి. అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

మొన్న బుధవారం దోసెల బండికి సెలవు. ఇద్దరం బస్టాండుకు వెళ్లాము. నేను ఏమీ చెప్పకూడదని ముందే ఒప్పందం. రెండు బస్సులు వచ్చాయి. మొదటిదాని బోర్డు మీద వేలితో గాలిలో దిద్దుతూ, "క... కం... కందు... ఇది కాదు" అన్నారు. రెండోది ఇంకా ఆగకముందే లేచి నిలబడ్డారు. "క" దగ్గర ఆగలేదు, మాస్టారు చెప్పినట్టు రెండో అక్షరానికి వెళ్లి, "లి" అని పైకి అన్నారు. పక్కన ఒక ముసలాయన, "కలిగిరి పోతుందా అమ్మా?" అని ఆమెనే అడిగారు. "పోతుంది, ఎక్కండి" అని చెప్పి, కొంగు సర్దుకోకుండానే ఎక్కారు. ఉదయగిరి గారూ, ఆ క్షణంలో నాకు మీ అమ్మగారు గుర్తొచ్చారు.

కలిగిరిలో దిగి, అక్కడినుంచి ఆటోలో ఊరు చేరేసరికి చెల్లెలు వాకిట్లో చాట పట్టుకుని ఉన్నారు. అక్క వెనక కొడుకు ఉన్నాడేమోనని వీధి చివరిదాకా చూశారు. ఎవరూ లేరని తెలిశాక ఇద్దరూ నవ్వుతూనే ఏడ్చారు. నాకు అక్కడ రెండు పూటలు భోజనం పెట్టి, కలిగిరి అన్నగారి చెరువుగట్టు కూడా చూపించారు. మీరు ఊళ్లో లేరట, లేకపోతే కలిసేవాళ్లం.

తిరిగి వచ్చాక ఒక కొత్త చిక్కు వచ్చింది. గోడ మీద నా గుర్తు కళ్లద్దాలని చెప్పాను కదా. ఇప్పుడు ఆమెకూ అద్దాలు వచ్చాయి, మా వీధి చివరి బియ్యం కొట్టు ఆయనా ఈ మధ్యే పెట్టుకున్నాడు, అరువు లెక్కలో పొరపాటు వస్తోందన్నారు. నిన్న పొద్దున తడిగుడ్డతో ఆ రెండు సున్నాలూ తుడిచేశారు. నా పేరు రాస్తారనుకుని నేను దోసె తింటూ చూస్తున్నాను. బొగ్గు ముక్కతో నిదానంగా "చెలెలు" అని రాశారు. ఒక అడుగు వెనక్కి వెళ్లి, అద్దాలు పైకి జరుపుకుని చూసి, మధ్య అక్షరం కింద ఇంకో "ల" వత్తు పెట్టారు. దాని పక్కన నా ఈ వారం గీతలు నాలుగు.